ఒక్కడికి నలుగురు: జపాన్ బేస్‌బాల్‌లో తూకం తప్పిన ట్రేడ్‌లు

1986 డిసెంబరులో లొత్తే ఓరియన్స్ తన దగ్గరున్న ఒక్క ఆటగాణ్ని చునిచి డ్రాగన్స్‌కి ఇచ్చి నలుగురిని తెచ్చుకుంది. ఆ ఒక్కడు ఒచియాయ్ హిరోమిత్సు. (మనలాగే జపాన్‌లోనూ ఇంటిపేరే ముందు. ఇక్కడ పేర్లన్నీ ఆ వరసలోనే.) బ్యాటింగ్ సగటు, హోమ్ రన్‌లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకు తెచ్చిన పరుగులు), ఈ మూడింటిలోనూ ఒకే సీజన్‌లో లీగ్ మొత్తానికి మొదటివాడిగా నిలిస్తే ట్రిపుల్ క్రౌన్ అంటారు. ఒచియాయ్ దాన్ని 1982, 1985, 1986లలో మూడుసార్లు కొట్టాడు. 1985లో సగటు .367, హోమ్ రన్‌లు 52, ఆర్‌బీఐలు 146. మరుసటేడు .360, 50, 116. ట్రేడ్ జరిగేనాటికి మూడో కిరీటం వచ్చి మూడు నెలలు కూడా కాలేదు.

అలాంటివాణ్ని పంపేయడానికి కారణం మైదానంలో దొరకదు. లొత్తే క్లబ్బు మేనేజర్ (క్రికెట్‌లో హెడ్ కోచ్‌లాంటివాడు) ఇనావో కజుహిసను సాగనంపింది. ఇనావో లేకపోతే తనకూ ఇక్కడ పనిలేదని ఒచియాయ్ బాహాటంగానే అన్నాడు. పైగా జీతం. చునిచిలో 1987కి అతనికి ముట్టింది 13 కోట్ల యెన్‌లు. జపాన్ ఆటగాళ్లలో పది కోట్లు దాటినవాడు అతనే మొదటివాడు. అంత ఇచ్చే స్తోమత లొత్తేకి లేదు, ఉంచుకున్నా అతను మనసుపెట్టి ఉంటాడన్న నమ్మకమూ లేదు. ఈ సంగతి మిగతా 11 జట్లకూ తెలుసు. మనవాళ్లు అనే ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

జపాన్‌లో తూకం తప్పిన ట్రేడ్‌లను వరసగా చూస్తే ఎక్కువగా కనిపించేది ఇదే. ఆటగాడి సత్తాను తప్పుగా అంచనా వేసి మోసపోయిన సందర్భాలు ఉన్నాయి కానీ తక్కువ. ఎక్కువ ట్రేడ్‌లలో ఒక పక్షం తొందరలో ఉంటుంది: మేనేజర్‌తో పొసగకో, జీతం దగ్గర పీటముడి పడో, క్లబ్బు నడిపే కంపెనీకి డబ్బు కటకట వచ్చో. ఎవరు తొందరలో ఉంటే వాళ్ల తక్కెడ తేలిపోతుంది. ఎటు ఎంతమంది వెళ్లారన్న లెక్క పత్రికల హెడ్డింగుకు పనికొస్తుంది, అంతవరకే.

ఒచియాయ్ ట్రేడ్‌లో లొత్తేకి వచ్చిన నలుగురు: పిచర్లు (బంతి విసిరేవాళ్లు) ఉషిజిమా కజుహికో, హిరానుమా సదహారు, కువతా షిగెరు, ఇంకా సెకండ్ బేస్ ఆడే కమికావా సెయిజి. వీళ్లలో అసలు సరుకు ఉషిజిమా. 25 ఏళ్లు, చునిచికి క్లోజర్, అంటే ఆఖరి ఇన్నింగ్స్‌లో వచ్చి ఆధిక్యాన్ని కాపాడే పిచర్. అతను మొదట ససేమిరా అన్నాడు. చునిచి కొత్త మేనేజర్ హోషినో సెన్‌ఇచి నచ్చజెప్పాక కదిలాడు. 1987లో లొత్తే తరఫున 24 సేవ్‌లతో పసిఫిక్ లీగ్‌లో ఉత్తమ రిలీఫ్ (మ్యాచ్ మధ్యలో దిగే) పిచర్ అయ్యాడు. తర్వాత మ్యాచ్‌ను మొదలుపెట్టే పిచర్, అంటే స్టార్టర్‌గా మారి 1989లో 12 మ్యాచ్‌లు గెలిచాడు, ఆపైన భుజం దెబ్బతింది. కమికావా చాలా ఏళ్లు సెకండ్ బేస్ నిలబెట్టాడు. హిరానుమా పేరు జనానికి గుర్తుండిపోయింది 1989లో కియోహారా కజుహిరోకి బంతి తగిలి, అతను బ్యాట్ విసిరిన గొడవ వల్ల. కువతా లెక్కలోకి రాలేదు. నలుగురిలో నిజంగా ఇద్దరే నిలిచారన్నమాట. ఒకరికి నలుగురు అన్న ట్రేడ్‌లలో ఇది మామూలే.

మరి చునిచికి? ఒచియాయ్ తొలి ఏడు 28 హోమ్ రన్‌లు కొట్టాడు, ఒక్క టైటిలూ రాలేదు. 1988లో జట్టు లీగ్ గెలిచింది. కానీ ఆ ఏడు సెంట్రల్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) ఒచియాయ్ కాదు, 37 సేవ్‌లు చేసిన తైవాన్ పిచర్ కాకు గెంజి. ఉషిజిమా వెళ్లాక ఖాళీ అయిన క్లోజర్ స్థానంలోకి స్టార్టర్‌గా ఉన్న కాకును మార్చారు. ట్రేడ్ గెలిచిందెవరని అడిగేవాళ్లు ఒచియాయ్ హోమ్ రన్‌లనే లెక్కపెడతారు. చునిచి నిజంగా గెలిచింది ఇచ్చేసిన మనిషి చోటును తన ఇంట్లోంచే నింపుకోగలిగినందుకు. కాకు క్లోజర్‌గా కుదురుకోకపోతే ఇదే ట్రేడ్‌ను ఇవాళ ఇంకోలా చెప్పుకునేవాళ్లం.

ఇక్కడ నియమాలు కొంత తెలియాలి, ఎందుకంటే తూకం తప్పడానికి సగం కారణం వాటిలోనే ఉంది. అమెరికాలోలా భవిష్యత్తులో పేరు చెప్పే ఆటగాణ్ని బాకీ పెట్టడం ఇక్కడ లేదు, డ్రాఫ్ట్ హక్కును (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతును) చేతులు మార్చడానికీ వీల్లేదు. ఇవ్వగలిగినవి రెండే, మనుషులు లేదా డబ్బు. కాబట్టి ఒక పెద్ద ఆటగాడికి సరితూగాలంటే ఇటువైపు తలలు పెరుగుతాయి. కానీ తలలకీ హద్దు ఉంది. ప్రస్తుతం ఒక క్లబ్బు పూర్తి కాంట్రాక్టులో ఉంచుకోగలిగేది 70 మందిని. ఫస్ట్ టీమ్ జాబితాకీ, మ్యాచ్ రోజు బెంచ్‌కీ వేరే హద్దులున్నాయి.

67 మందితో ఉన్న జట్టు ఒకణ్ని ఇచ్చి నలుగురిని తెచ్చుకుందనుకుందాం. నికరంగా ముగ్గురు పెరిగి 70 అవుతుంది. ఇక జులై 31 గడువులోగా గాయపడ్డ పిచర్ బదులు విదేశీ పిచర్‌ను తెచ్చుకోవాలన్నా, ట్రైనీ కాంట్రాక్టులో ఉండి సెకండ్ టీమ్‌లో రాణిస్తున్న కుర్రాణ్ని పైకి తేవాలన్నా సీటు ఉండదు. సీటు ఖాళీ చేయాలంటే ఎవరో ఒకరిని పంపాలి. అందుకే నలుగురిని తీసుకున్న జట్టు ఆ నలుగురి బరువుతో పాటు, వాళ్లు ఆక్రమించిన సీట్ల ఖర్చు కూడా మోస్తుంది. పత్రికల్లో ఇది కనిపించదు.

మరొకటి. సెంట్రల్, పసిఫిక్ లీగ్‌లలో ఆరేసి జట్లు. 2005లో ఇంటర్‌లీగ్ మ్యాచ్‌లు మొదలయ్యేదాకా రెండు లీగ్‌ల జట్లు సీజన్‌లో తలపడేవే కావు, రెండు లీగ్‌ల విజేతలు తలపడే జపాన్ సిరీస్‌లో తప్ప. ఇచ్చేసిన ఆటగాడు అవతలి లీగ్‌లో ఎంత చెలరేగినా మన మీద ఒక్క హోమ్ రన్ కూడా కొట్టడు. ఈ ధీమాతోనే పాత రోజుల్లో పెద్ద ట్రేడ్‌లు ఎక్కువగా లీగ్ దాటి జరిగాయి. బాధ కళ్లెదుట కనిపించనప్పుడు బేరం గట్టిగా ఆడాలన్న పట్టుదలా సడలుతుంది.

ఎనత్సు యుతక ప్రయాణం దీనికి మంచి నమూనా. హన్షిన్ టైగర్స్ ఎడమచేతి పిచర్, 1968లో ఒకే సీజన్‌లో 401 స్ట్రైకౌట్‌లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైక్‌లతో అవుట్ చేయడం). 1976 జనవరిలో హన్షిన్ అతన్నీ, మొచిజుకి మిత్సురునూ నంకై హాక్స్‌కి ఇచ్చి ఎమోతో తకెనోరి, షిమానో ఇకువో, ఇకెఉచి యుతక, హసెగావా త్సుతోములను తెచ్చుకుంది. ఎమోతో ఆ ఏడే 15 మ్యాచ్‌లు గెలిచాడు. మొదటి రెండేళ్ల లెక్క చూస్తే హన్షిన్‌దే పైచేయి. కానీ నంకైలో ఆడుతూనే మేనేజర్‌గానూ ఉన్న నొమురా కత్సుయ అతన్ని స్టార్టర్ నుంచి రిలీఫ్‌కి మార్చాడు. ఆ మార్పు తాలూకు పంట నంకైకి దక్కలేదు. 1977లో నొమురాను తీసేశారు, ఎనత్సు తనూ ఉండనన్నాడు, నంకై అతన్ని డబ్బుకే హిరోషిమా కార్ప్‌కి ఇచ్చేసింది. అక్కడ 1979లో ఎంవీపీ, జపాన్ చాంపియన్‌షిప్.

1980 చివర హిరోషిమా అతన్ని నిప్పన్ హామ్‌కి ఇచ్చి పిచర్ తకహాషి నవోకిని తీసుకుంది. ఒకరికొకరు, పైకి సమానమే. 1981లో నిప్పన్ హామ్ లీగ్ గెలిచింది, ఎనత్సు అక్కడా ఎంవీపీ. తకహాషికి హిరోషిమాలో ఆ ఏడు రెండే గెలుపులు. మరుసటేడు సీజన్ మధ్యలోనే సెయిబు లయన్స్‌కి పంపేశారు. 1983లో సెయిబు తరఫున అతను 13 గెలిచి మూడే ఓడాడు. అంటే మనిషిలో సత్తువ అయిపోలేదు. తలకిందులైంది చోటు.

చివరి మలుపు 1983 ముగిశాక. ఈసారి ఎనత్సు కోసం సెయిబు ఇచ్చింది షిబతా యసుమిత్సు, కిమురా హిరోషి. అప్పటికి ఎనత్సుకి 35. సెయిబు మేనేజర్ హిరోఓకా తత్సురో క్రమశిక్షణ కత్తిలాంటిది, ఇద్దరికీ కుదరలేదు, ఒక్క సీజన్‌తో సరి. షిబతా మాత్రం ఏళ్ల తరబడి నిప్పన్ హామ్‌లో పిచింగ్‌కి మూలస్తంభమై, 1990 ఏప్రిల్ 25న కింతెత్సు మీద నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. ఎనత్సు కెరీర్‌లో అవతలి పక్షానికి నిజంగా లాభించిన ట్రేడ్ ఏదంటే బహుశా ఇదే. ఆ రోజు అందరి కళ్లూ ఎనత్సు మీదే, షిబతాను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

హన్షిన్‌లోనే మరో అధ్యాయం, 1978 చివరిది. జట్టుకు ముఖచిత్రంలాంటి క్యాచర్ తబుచి కోఇచినీ, పిచర్ ఫురుసావా కెంజినీ సెయిబుకి ఇచ్చి మయుమి అకినోబు, వకానా యోషిహారు, తకెనోఉచి మసాషి, తకెదా కజుషిలను తీసుకున్నారు. అభిమానులు గుండెలు బాదుకున్నారు. తబుచి సెయిబులో 1980లో 43 హోమ్ రన్‌లు కొట్టాడు, 1982, 1983 చాంపియన్ జట్లలో ఉన్నాడు, 1984తో ఆట మానేశాడు. మయుమి 1983లో .353తో సెంట్రల్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. హన్షిన్ తొలి జపాన్ చాంపియన్‌షిప్ వచ్చిన 1985లో లీడాఫ్ (మొదట దిగే) బ్యాటరై ఉండి 34 హోమ్ రన్‌లు కొట్టాడు, 1995 దాకా ఆడాడు, తర్వాత అదే జట్టుకు మేనేజర్ కూడా అయ్యాడు. ఆరేళ్లు ఒకవైపు, పదిహేడేళ్లు ఇంకోవైపు. ట్రేడ్ రోజు తబుచికి 32, మయుమికి 25. ఆ ఏడేళ్ల తేడాను ఆ రోజు ఎవరూ తూకంలో వేయలేదు.

హైదరాబాద్ క్రికెట్ అభిమానులకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. 2018లో సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకున్నప్పుడు ఆ మూడో పేరు గురించి మాట్లాడినవాళ్లు ఎంతమంది? అప్పటికి అతనికి 18.

అన్నిటికంటే నికార్సుగా తూకం తప్పినది 1992 డిసెంబరు నాటి ఒకరికొకరు ట్రేడ్. ఇదీ హన్షిన్‌దే. ఆ ఏడు హన్షిన్ టైటిల్‌కి రెండు మ్యాచ్‌ల దూరంలో ఆగిపోయింది. పిచింగ్ బాగుంది, పరుగులు రావడం లేదు. కాబట్టి మిగులుగా కనిపించిన పిచర్ నోదా కోజిని (24) ఓరిక్స్‌కి ఇచ్చి స్విచ్ హిట్టర్ (కుడి, ఎడమ రెండు వైపులా బ్యాటింగ్ చేసేవాడు) మత్సునాగా హిరోమిని (32) తెచ్చుకుంది. కాగితం మీద తప్పుపట్టేదేమీ లేదు. నోదా 1993లో 17 గెలిచి లీగ్‌లో అత్యధిక విజయాల టైటిల్ పంచుకున్నాడు, తర్వాత 12, ఆపైన 10. 1995 ఏప్రిల్ 21న లొత్తే మీద ఒకే మ్యాచ్‌లో 19 స్ట్రైకౌట్‌లు తీశాడు. ఆ జపాన్ రికార్డును సమం చేయడానికి 2022లో ససాకి రోకి పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్నీ బేస్ చేరనివ్వని మ్యాచ్) దాకా ఆగాల్సి వచ్చింది. మత్సునాగా గాయాలతో 80 మ్యాచ్‌లే ఆడాడు. అదైనా సర్దుకునేదే. కానీ 1993 చివర జపాన్‌లో ఫ్రీ ఏజెన్సీ (కొన్నేళ్లు ఆడాక నచ్చిన జట్టుకు వెళ్లే హక్కు) మొదలైంది, దాన్ని వాడుకుంటానని ప్రకటించిన మొట్టమొదటి ఆటగాడు మత్సునాగాయే. దైయె హాక్స్‌కి వెళ్లిపోయాడు.

ఇక్కడ హన్షిన్ చేసిన పొరపాటు ఆటగాణ్ని తప్పుగా చూడటం కాదు. మనిషిని తెచ్చుకున్న నాటికి అతను ఎన్నాళ్లు ఉంటాడన్న ప్రశ్నే జపాన్‌లో ఉండేది కాదు. క్లబ్బు వదిలేదాకా అతను క్లబ్బు సొత్తే. నియమం మారగానే అదే ట్రేడ్ విలువ ఏడాదిలో ఆవిరైంది. ఇప్పుడు ఈ లెక్క అందరూ వేస్తారు. ఫస్ట్ టీమ్ జాబితాలో 145 రోజులు ఉంటే ఒక సంవత్సరం. దేశంలో జట్టు మారడానికి హైస్కూల్ నుంచి వచ్చినవాళ్లకు 8, కాలేజీ లేదా కంపెనీ జట్ల నుంచి వచ్చినవాళ్లకు 7 సంవత్సరాలు, విదేశాలకు 9. ట్రేడ్ బేరంలో సగటు, ఈఆర్ఏ (పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చే పరుగులు) కంటే ముందు ఈ మిగిలిన రోజులే చూస్తారు. 2013 జనవరిలో నిప్పన్ హామ్ ఇతోయ్ యోషియోను, యాగి తొమోయతో కలిపి ఓరిక్స్‌కి ఇచ్చి ముగ్గురిని తీసుకోవడం వెనక ఉన్నది అదే. ఇతోయ్ పోస్టింగ్‌లో (ఫ్రీ ఏజెన్సీకి ముందే, క్లబ్బు అనుమతితో) అమెరికా వెళ్తానంటున్నాడు, జీతం తెగడం లేదు, ఎటూ పోయేవాడే. ఇతోయ్ 2014లో .331తో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు. నిప్పన్ హామ్ 2012లో లీగ్ విజేత, 2013లో అట్టడుగు. అయితే 2016 ముగిశాక ఓరిక్స్ నుంచీ ఫ్రీ ఏజెంట్‌గా అతను హన్షిన్‌కి వెళ్లిపోయాడు.

సత్తాను పసిగట్టి గెలిచిన ట్రేడ్‌లు లేవని కాదు. వాటిలో చాలావరకు యకుల్ట్ మేనేజర్‌గా నొమురా చేసినవి. 1995 మార్చిలో నిషిమురా తత్సుజిని కింతెత్సుకి ఇచ్చి యోషిఇ మసాతోను తెచ్చాడు. యోషిఇ మూడేళ్లలో 10, 10, 13 గెలిచి అమెరికా వెళ్లాడు. 1995 సీజన్ ముగిశాక దైయె నుంచి వచ్చిన తబతా కజుయ మరీ విడ్డూరం. టెస్టు ఇచ్చి డ్రాఫ్ట్‌లో పదో రౌండ్‌లో దొరికిన పిచర్, పేరు తెలిసినవాళ్లు లేరు. యకుల్ట్‌లో 12, ఆపైన 15 గెలుపులు. అవతలికి వెళ్లిన యనగితా, కోనో అంత చేయలేదు. నొమురా పద్ధతిలో మాయేమీ లేదు. వేరే జట్టు వాడని ఒక్క బంతి, ఒక్క గుణం పట్టుకుని దానికి తగ్గ పని ఇవ్వడం, మిగతావి అడగకపోవడం.

డబ్బుకు కొన్నవాటిలో కింతెత్సు 1988 జూన్‌లో చేసినదాన్ని మించింది లేదు. తన విదేశీ బ్యాటర్ గంజాయి కేసులో అరెస్టయ్యాడు. చునిచి సెకండ్ టీమ్‌లో, విదేశీయుల కోటా నిండిపోయి పైకి రాలేక, రాల్ఫ్ బ్రయంట్ కూర్చుని ఉన్నాడు. అతను వచ్చి 74 మ్యాచ్‌ల్లో 34 హోమ్ రన్‌లు కొట్టాడు. మరుసటేడు 49, ఎంవీపీ, జట్టుకు లీగ్ టైటిల్. చునిచి మూర్ఖంగా ఇచ్చిందనలేం, వాళ్లకు అతన్ని ఆడించే సీటే లేదు, ఆ ఏడు వాళ్లూ లీగ్ గెలిచారు. రెండు పక్షాలూ సంతోషించిన అసమాన ట్రేడ్ ఇది.

అసలు ఏమీ తీసుకోకుండా ఇచ్చేయడమూ ఉంది. 2003 నవంబరులో, జపాన్ చాంపియన్‌గా నిలిచిన కొద్ది రోజులకే, దైయె తన కెప్టెన్‌లాంటి కొకుబో హిరోకిని జెయింట్స్‌కి ఉచితంగా ఇచ్చేసింది. మోకాలి గాయంతో ఆ ఏడంతా అతను ఆడలేదు, మాతృసంస్థ అప్పుల్లో ఉంది. అయినా ఎవరికీ మింగుడు పడలేదు, ఆటగాళ్లు విజయయాత్రకు రామని భీష్మించారు. మరుసటేడు కొకుబో 41 హోమ్ రన్‌లు కొట్టి, జెయింట్స్ చరిత్రలో 40 దాటిన తొలి కుడిచేతి బ్యాటర్ అయ్యాడు. దైయె జట్టునే సాఫ్ట్‌బ్యాంక్‌కి అమ్మేసింది. ఆ తర్వాత 2006 చివర అతను ఫ్రీ ఏజెంట్‌గా తిరిగి అక్కడికే వచ్చాడు. పొమ్మనలేక పొగబెట్టడం మనకు తెలుసు. ఇక్కడ పొగ కూడా పెట్టలేదు, తలుపు తీసి పంపారు.

తూకం సరిపోయిన పెద్ద ట్రేడ్ ఏదని అడిగితే ఇప్పటికీ 1963 చివరిదే చెప్తారు. హన్షిన్ కొయామా మసాఅకిని, దైమై ఓరియన్స్ యమాఉచి కజుహిరోను మార్చుకున్నాయి. కొయామా మరుసటేడు 30 గెలిచాడు, యమాఉచి 31 హోమ్ రన్‌లు కొట్టి హన్షిన్‌కి టైటిల్ తెచ్చాడు. అక్కడ ఎవరూ ఎవరినీ వదిలించుకోలేదు. ఒకరికి బ్యాట్ కావాలి, ఒకరికి చెయ్యి కావాలి.

2022 డిసెంబరులో మొదలైన ‘యాక్టివ్ ప్లేయర్ డ్రాఫ్ట్’ ఈ తొందర అనే అంశాన్నే తీసేసింది. ప్రతి క్లబ్బూ కనీసం ఇద్దరి పేర్లు ఇచ్చి తీరాలి, ఒకణ్ని వదిలితే ఒకడు వస్తాడు. అందరూ ఒకే రోజు అమ్మేవాళ్లే, అందరూ కొనేవాళ్లే. అయినా తొలిసారే తూకం ఒరిగింది. దెనా జట్టు నుంచి చునిచికి వెళ్లిన హోసోకావా సెయియ మరుసటేడే 24 హోమ్ రన్‌లు కొట్టాడు. చునిచి నుంచి దెనాకు వచ్చిన పిచర్ కసహారా షోతారో ఫస్ట్ టీమ్‌లో రెండు మ్యాచ్‌లు వేశాడు, ఆ ఏడు చివర దెనా అతన్ని వదిలేసింది.